చెన్నైలో సరుకులకు ఏ సంచి మంచిది? గుడ్డదా, వైరు బుట్టా, స్టీలు డబ్బానా?

పోయిన వేసవిలో ఒక ఆదివారం చింతాద్రిపేట చేపల మార్కెట్‌లో కిలో వంజరం, అరకిలో రొయ్యలు కొన్నాం. చేపలామె కవరు ఇవ్వనంది. అరటాకులో చుట్టి మా గుడ్డ సంచిలో పెట్టింది. ఇంటికి వచ్చేసరికి సంచి అడుగంతా తడిసిపోయింది. మా అత్తయ్య దాన్ని కుళాయి కింద ఒకసారి జాడించి వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించారు. మర్నాడు సాయంత్రం మావారు అదే సంచిలో ద్రాక్షపళ్ళు, బ్రెడ్డు తెచ్చారు. పాప గుత్తిలోంచి రెండు పళ్ళు తెంపి నోట్లో వేసుకోబోతుంటే నీచు వాసన నా ముక్కుకు తగిలింది. పళ్ళు చేతిలోంచి లాక్కున్నాను. పాప ఏడ్చింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్లాస్టిక్ కవర్లు మానేసి మంచి పని చేస్తున్నామన్న నమ్మకంతో ఉన్నాను. ఆ సంచిని ఎప్పుడైనా సబ్బు పెట్టి ఉతికామా అని ఆలోచిస్తే, కొన్నప్పటినుంచి ఒక్కసారి కూడా లేదు. అప్పటినుంచి ఈ సంచుల సంగతి పట్టించుకుని చదివాను, ఇంట్లో ఒక్కొక్కటీ వాడి చూశాను. చెన్నైలో కాపురం ఉంటూ ఏ సంచి కొనాలా అని చూస్తున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. అన్నిటికీ సరిపోయే సంచి ఏదీ లేదు. పచ్చి చేపకూ మాంసానికీ మూత ఉన్న స్టీలు డబ్బా, కూరగాయలకు వైరు బుట్ట, మిగతా సరుకులకు ఉతకగలిగే నూలు సంచులు. మా ఇంట్లో చివరికి కుదిరిన లెక్క ఇది. ఎందుకు ఇలా కుదిరిందో, మీ ఇంటికి ఇందులో ఏది అక్కర్లేదో కింద చెబుతాను.

మన ఊళ్ళో నిషేధం ఎంతవరకు?

తమిళనాడులో ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. క్యారీ బ్యాగులు మందంతో సంబంధం లేకుండా ఆ జాబితాలో ఉన్నాయి. దేశం మొత్తానికి కేంద్రం పెట్టిన నిబంధన వేరు. దాని ప్రకారం 2022 డిసెంబర్ 31 నుంచి క్యారీ బ్యాగు కనీసం 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండాలి. కాబట్టి వేరే రాష్ట్రంలో కొట్టులో ఇచ్చిన మందపాటి కవరు అక్కడ చెల్లినా, అలాంటిదే చెన్నై కొట్టువాడు ఇస్తే తప్పవుతుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు ఈ తేడా చెప్పడం మాకు అలవాటైపోయింది.

2021 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మీండుం మంజప్పై’ అని ఒక ప్రచారం మొదలుపెట్టారు. మళ్ళీ పసుపు సంచి అని దాని అర్థం. తర్వాతి ఏడాది కోయంబేడు మార్కెట్‌లో పది రూపాయలు వేస్తే పసుపు సంచి వచ్చే యంత్రం పెట్టారు. సంచి మరిచిపోయి వెళ్ళినవాళ్ళకు అది నిజంగా ఆదుకునే ఏర్పాటు.

ఇన్ని ఉన్నా తోపుడు బండ్ల దగ్గర పల్చటి కవర్లు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఇస్తున్నారు కదా అని తీసుకోకండి. ఈ ఊరి చెత్త వెళ్ళే పెరుంగుడి డంపు పళ్ళికరణై చిత్తడి నేలలోనే ఉంది. వానాకాలంలో కాలువలకు అడ్డం పడేది కూడా ఈ కవర్లే. 2015 డిసెంబర్ వరద చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

గుడ్డ సంచిలో సూక్ష్మక్రిములు: భయం ఎంత, నిజం ఎంత

‘గుడ్డ సంచులు రోగాలు తెస్తాయి, ప్లాస్టిక్ కవరే శుభ్రం’ అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. దాని వెనక ఉన్న ముఖ్యమైన ఆధారం 2010లో అమెరికాలో అరిజోనా, లోమా లిండా విశ్వవిద్యాలయాల వాళ్ళు చేసిన పరిశీలన. దుకాణాలకు వచ్చినవాళ్ళ దగ్గర 84 సంచులు తీసుకుని పరీక్షించారు. దాదాపు సగం సంచుల్లో కోలిఫాం అనే, మురికికి గుర్తుగా చూసే బ్యాక్టీరియా కనిపించింది. 8 శాతం సంచుల్లో పేగుల్లో ఉండే ఇ-కోలి బ్యాక్టీరియా కనిపించింది. మాంసం నీరు అంటిన సంచిని కారు డిక్కీలో రెండు గంటలు ఉంచితే బ్యాక్టీరియా పది రెట్లయింది.

ఈ పరిశీలనకు డబ్బు ఇచ్చింది అమెరికన్ కెమిస్ట్రీ కౌన్సిల్. ప్లాస్టిక్ తయారుచేసే కంపెనీలు సభ్యులుగా ఉన్న సంఘం అది. ఇ-కోలిలో కూడా చాలా రకాలు జబ్బు చేయవు. కాబట్టి ఆ అంకెలు చూసి హడలిపోనక్కర్లేదు. అలాగని తీసిపారేయనూ కూడదు, ఎందుకంటే అదే పరిశీలనలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. అడిగినవాళ్ళలో 97 శాతం మంది సంచిని ఎప్పుడూ ఉతకలేదన్నారు. ఉతికిన సంచుల్లో బ్యాక్టీరియా 99.9 శాతానికి పైగా పోయింది. మెసేజ్‌లు పంపేవాళ్ళు ఈ రెండో సగం వదిలేస్తారు.

అదే 2010లో అమెరికాలోనే ఇంకోటి జరిగింది. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి టోర్నమెంటుకు వెళ్ళింది. ఒక అమ్మాయికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చిరుతిళ్ళు ఉన్న సంచి ఆ అమ్మాయి వాడిన బాత్రూంలోనే ఉండిపోయింది. ఆ పిల్ల సంచిని ముట్టుకోను కూడా లేదు. మర్నాడు అందులోంచి తీసుకుని తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ సోకింది. రెండు వారాల తర్వాత పరీక్షించినా సంచి మీద వైరస్ ఆనవాళ్ళు కనిపించాయి. అందుకే మా ఇంట్లో ఇప్పుడు సంచులు బాత్రూం బయటి కొక్కేనికి కూడా తగిలించం.

ఇంకో వాదన శాన్‌ఫ్రాన్సిస్కోది. 2007లో అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధించాక ఆహారం వల్ల వచ్చే జబ్బులు పెరిగాయని 2012లో ఇద్దరు పరిశోధకులు రాశారు. జబ్బుపడ్డవాళ్ళు ఆ సంచులు వాడారో లేదో కూడా చూడకుండా అలా తేల్చడం కుదరదని ఆ ఊరి ఆరోగ్య అధికారి గట్టిగా జవాబిచ్చారు. నాకు ఆయన మాటే సబబుగా అనిపించింది.

మన ఊరి సంగతి ఆ ఊళ్ళకంటే కాస్త వేరు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బ్యాక్టీరియా హాయిగా పెరుగుతాయి, అన్నీ అనుకూలిస్తే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మే నెలలో ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ తలచుకోండి. పైగా సముద్రపు తేమ. తడి సంచిని మడిచి డిక్కీలో పెట్టి మరిచిపోవడం కంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు.

ఇక ఒక్కొక్కటిగా

నూలు గుడ్డ సంచి: నా మొదటి ఓటు దీనికే. ఏకైక కారణం, దీన్ని భయం లేకుండా వేడినీళ్ళలో నానబెట్టి ఉతకొచ్చు, కావాలంటే ఉడకబెట్టొచ్చు. మిగతా రకాలకు ఆ సుఖం లేదు. కానీ గుడ్డ తడిని పీల్చుకుంటుంది, ఆరడానికి టైం పడుతుంది. అందుకని చేపలు, కోడిమాంసం, ఇంటికి వచ్చేలోపు కరిగే ఐస్‌క్రీమ్ ఇందులో వద్దు.

కొత్తవి కొనేముందు బీరువా పైన వెతకండి. ఇక్కడ పెళ్ళికి వెళ్ళినప్పుడల్లా కొబ్బరికాయ, తాంబూలం పెట్టి ఇచ్చే సంచులు, వధూవరుల పేర్లు అచ్చువేసినవి, ప్రతి ఇంట్లో డజనుకు తక్కువ ఉండవు. మా ఇంట్లో పదిహేడు దొరికాయి. ఇలా వెతకమనడానికి గట్టి కారణమే ఉంది. పత్తి పండించడానికి నీళ్ళు, ఎరువులు బాగా ఖర్చవుతాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, వాతావరణం మీద పడే భారం వరకే చూసినా, నూలు సంచిని 131 సార్లు వాడితేగానీ ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుకు సాటి రాదని తేలింది. డెన్మార్క్ వాళ్ళు 2018లో వేసిన లెక్కలో వాతావరణం వరకే అయితే 52 సార్లు చాలు, అన్నిరకాల భారాలూ కలిపితే 7,100 సార్లు. ఈ లెక్కల్లో చెత్తగా పారేశాక కాలువలో, సముద్రంలో జరిగే నష్టం సరిగ్గా పట్టదు, కాబట్టి ప్లాస్టిక్కే మేలని వీటినిబట్టి అనుకోకండి. కానీ ప్రతి ఎగ్జిబిషన్‌లో ముచ్చటగా ఉందని కొత్త గుడ్డ సంచి కొనడం తప్పని మాత్రం నేను నమ్ముతున్నాను. వారానికి రెండుసార్లు వాడితే 131 సార్లు పూర్తవడానికి ఏడాదీ మూడు నెలలు పడుతుంది. ఉన్న సంచి చిరిగితే కుట్టించుకోండి.

గుడ్డలా కనిపించే నాన్‌ఓవెన్ సంచి: బట్టల కొట్టుల్లో, స్వీటు షాపుల్లో రంగురంగులుగా ఇచ్చేది. చాలామంది దీన్ని గుడ్డే అనుకుంటారు. ఇది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేసిన గుడ్డలో నిలువు పోగు, అడ్డపోగు తెలుస్తాయి. ఇందులో పోగులు ఉండవు, చిన్నచిన్న చుక్కల అచ్చు ఉంటుంది. ఒక పీచు లాగి అంటిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది, నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. 2019 నాటి తమిళనాడు జాబితాలో ఇవి కూడా ఉన్నాయి. వీటిని నిషేధించొచ్చా లేదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ గొడవ ఎలా ఉన్నా, సంచిగా ఇది నాకు నచ్చలేదు. నాలుగు ఉతుకులకు పీచులు లేస్తుంది, ఎండలో ఆరేస్తే పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే చెప్పులకో, పాత బట్టలకో వాడేయండి. తిండి వస్తువులకు వద్దు.

జనపనార సంచి: చూడ్డానికి అందం, మోయడానికి గట్టి. ఉల్లిపాయలు, కొబ్బరికాయలు, బియ్యానికి బాగుంటుంది. తడిస్తే మాత్రం ఒక రకమైన కమరు వాసన వస్తుంది, వానాకాలంలో బూజు పడుతుంది. కొన్నింటికి లోపల ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది, ఉతికితే ఊడి వస్తుంది. కొనేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి.

కాగితం సంచి గురించి ఎక్కువ చెప్పను. కొత్తది శుభ్రమే, బేకరీ సరుకులకు సరిపోతుంది, తడిస్తే చిరుగుతుంది. న్యూస్‌పేపరు పొట్లాలు మాత్రం వేరే సంగతి. అచ్చు సిరా తిండిలోకి దిగుతుందనే ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో న్యూస్‌పేపరు వాడొద్దని రాసింది. వేడి వడలు, బజ్జీలు అందులో కట్టిస్తుంటే ఆపి, మీ డబ్బా ఇవ్వండి.

‘కంపోస్టబుల్’ అని అచ్చువేసిన కవరు: మొక్కజొన్న పిండితో చేశాం, మట్టిలో కలిసిపోతుంది అంటారు. నిజమైనవి ఉన్నాయి, కానీ అవి కరగాలంటే వేడి, తేమ సరిగ్గా ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి. కాలువలోనో మెరీనా ఇసుకలోనో పడితే మామూలు కవరులాగే పడుంటుంది. పేరు వేసుకుని మామూలు ప్లాస్టిక్ అమ్మేవాళ్ళూ లేకపోలేదు. రోజువారీ సరుకులకు దీన్ని నమ్ముకోకండి.

వైరు బుట్ట: ఇది మా అత్తయ్య గెలిచిన వాదన. ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట, తమిళంలో వైర్ కూడై అంటారు. ‘ప్లాస్టిక్ వద్దంటూ మళ్ళీ ప్లాస్టిక్ బుట్టా?’ అని నేను మొదట ఒప్పుకోలేదు. ఆవిడ తన బుట్ట చూపించారు. మావారు స్కూల్లో ఉన్నప్పుడు విల్లివాక్కంలో పక్కింటావిడ అల్లి ఇచ్చినదట. ఒక్క పిడి మాత్రం మార్చారు. అన్నేళ్ళు ఒకే బుట్ట వాడితే, అది ఏ గుడ్డ సంచికైనా తీసిపోదని నాకు అర్థమైంది. శుభ్రం సంగతిలో అయితే దీనికి సాటి లేదు. నీళ్ళు పీల్చుకోదు. కుళాయి కింద పెట్టి సబ్బునీళ్ళతో బ్రష్ కొడితే చాలు, పదిహేను నిమిషాల్లో ఆరిపోతుంది. తోటకూర, కొత్తిమీర తడితో వచ్చినా కింద నీరు నిలవదు, బంగాళదుంపల మట్టి సందుల్లోంచి రాలిపోతుంది. దోషం ఒకటే. పచ్చిమిరపకాయలు, బీన్స్ సందుల్లోంచి జారతాయి. దానికి నేను పాత మల్లు పంచె చింపి అయిదు చిన్న సంచులు కుట్టాను. ఆ చిన్న సంచి బరువు ఎంతో చూసి కూరగాయలామె కాటాలో తీసేయొచ్చు, గొడవ ఉండదు.

బియ్యం బస్తాతో కుట్టిన సంచి కూడా ఇలాగే గట్టిది, కడగడం తేలిక. ఎండలో నెలల తరబడి ఉంచితే మాత్రం పొరలు పొరలుగా రాలుతుంది. అప్పుడు ఆపేయాలి.

స్టీలు డబ్బా: చేపకూ మాంసానికీ దీన్ని మించింది లేదు. ద్రాక్షపళ్ళ సంగతి జరిగిన తర్వాతి ఆదివారం నుంచి రెండు డబ్బాలు పట్టుకెళ్తున్నాం, ఒకటి చేపలకు, ఒకటి చికెన్‌కు. బిగుతు మూత ఉండాలి. చికెన్ కొట్టతను మొదట విసుక్కున్నాడు, కాటా మీద డబ్బా బరువు తీసేయడం ఇబ్బంది అన్నాడు. ఖాళీ డబ్బా ముందు కాటా మీద పెట్టి సున్నా చేయమని చెప్పాం. ఇప్పుడు ఆయనే ‘డబ్బా ఎక్కడ?’ అని అడుగుతున్నాడు. ఇంటికొచ్చాక వేడినీళ్ళు, సబ్బు, అయిపోయింది. వాసన ఉంటే చింతపండు పిప్పితో తోమండి. హోటల్ సాంబారు, రసం పార్సిల్‌కు కూడా ఇదే వాడండి. సలసల కాగే సాంబారు పల్చటి కవరులో పోసి ఇవ్వడం నాకు ఏ రోజూ మనసొప్పలేదు.

ఉతకడం, ఆరేయడం

నూలు సంచిని కూరగాయలకు వాడితే వారానికోసారి, పొడి సరుకులకైతే రెండు వారాలకోసారి ఉతుకుతాను. పచ్చిమాంసం నీరు పొరపాటున అంటితే ఆ రోజే. లోపలి వైపు బయటికి తిప్పండి, మురికంతా మూలల కుట్టులోనే ఉంటుంది. వేడినీళ్ళు, సబ్బు పొడి చాలు, డెట్టాల్ అక్కర్లేదు. తలకిందులుగా ఎండలో ఆరేయండి.

నీళ్ళ ఖర్చు గురించి అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిషేధం వచ్చిన 2019లోనే జూన్‌లో ఈ ఊరి చెరువులు ఎండిపోయి, లారీ నీళ్ళకోసం బిందెలతో నిలబడ్డాం. అప్పుడు సంచులు ఉతకాలంటే ఎవరికైనా మనసు రాదు. అందుకే విడిగా ఉతకొద్దు. దుప్పట్లు, తువ్వాళ్ళు వేసే మెషీన్ లోడ్‌లో కలపండి. మాంసం నీరు అంటినదాన్ని మాత్రం ముందు విడిగా నానబెట్టి తర్వాత వేయండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో సంచి ఆరదు. ఆ నెలలకోసం రెండు జతలు పెట్టుకోవాలి. ఫ్యాన్ కింద ఆరేసి, చివర్లో ఇస్త్రీ పెట్టె వేడిగా ఒకసారి తిప్పితే తేమ పోతుంది. చెమ్మగా ఉన్న సంచిని మడిచి పెట్టకండి. కాగితం సంచులు, మడతపెట్టిన సంచుల కుప్ప మధ్య బొద్దింకలు గుడ్ల గూళ్ళు పెడతాయి, అవి సరుకులతోపాటు అలమరలోకి చేరతాయి. మేకుకు విడివిడిగా తగిలించడమే మేలు.

ఇంకో అలవాటు కూడా మానండి. బజారు నుంచి రాగానే సంచిని వంటగట్టు మీద పెడతాం. అది ఆటో అడుగున, మార్కెట్ నేల మీద పెట్టిన సంచి. దానికంటూ నేల మీద ఒక పీట వేయండి.

మీకు ఏది?

ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో పీజీలో ఉంటూ పాలు, గుడ్లు, బ్రెడ్డు మాత్రమే కొనుక్కునే పిల్లలకు రెండు నూలు సంచులు చాలు. ఒకటి ఆఫీసు బ్యాగులో, ఒకటి ఉతుకుడులో. చిన్నగా మడిచే నైలాన్ సంచి కూడా పనికొస్తుంది, రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరుతుంది.

శాకాహారుల ఇళ్ళకు స్టీలు డబ్బా పార్సిళ్ళకు తప్ప అవసరం లేదు. కానీ ఆకుకూరల తడి, దుంపల మట్టి వాళ్ళకూ ఉంటాయి, కాబట్టి బుట్ట కావాలి. దోసెపిండి బయట కొనేవాళ్ళు దానికో డబ్బా వేరుగా పెట్టుకోవాలి. పిండి పులిసి పొంగి సంచిలో కారితే ఆ వాసన వదలదు.

వారానికి రెండుసార్లు మాంసాహారం తెచ్చే ఇంట్లో డబ్బాల మీద రంగు దారం కట్టండి. మా ఇంట్లో ఎర్ర దారం ఉన్నది నీచుకు. నూలు సంచుల్లో కూడా వండకుండా అలాగే తినే పళ్ళు, బ్రెడ్డు, మిఠాయిలకు ఒక్క సంచిని విడిగా పెట్టాం, దాని మీద పాప తన పేరు కుట్టించుకుంది. పని సాయానికి వచ్చేవాళ్ళకూ, పెద్దవాళ్ళకూ రంగు చూస్తే తెలిసిపోతుంది, ప్రతిసారీ చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్ళు ఒక్కరే మార్కెట్‌కు వెళ్ళే ఇంట్లో శుభ్రం కంటే ముందు బరువు చూడాలి. స్టీలు డబ్బా, బుట్ట కలిపి ఖాళీగానే కిలో దాటుతాయి. వాళ్ళకు వెడల్పు పట్టీ ఉన్న నూలు సంచులు రెండు ఇవ్వండి, చేతికొకటి. చేపలు, చికెన్ తెచ్చే పని మీరు తీసుకోండి. మా అత్తయ్య మొన్నటిదాకా ఒప్పుకోలేదు. మోకాలి నొప్పి ఎక్కువయ్యాక ఇప్పుడు కూరగాయల బుట్ట మాత్రం తన చేతిలో ఉంచుకుని, ఎర్ర దారం డబ్బాలు మావారికి అప్పజెప్పారు.